ఉప్పునీటిలో ఉప్పుగడ్డ

బస్తర్‌కు సముద్రం లేదు. జగదల్‌పూర్ నుంచి తూర్పు కనుమలు దిగి సుమారు 300 కిలోమీటర్లు వస్తే గానీ విశాఖలో కెరటం కనబడదు. అయినా సముద్రపు నీటిలో రేడియోధార్మికతను కొలిచే పరికరం గురించి చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. బంగాళాఖాతంలో ఆ పరికరాన్ని దించితే మొట్టమొదట దానికి తగిలేది ఏ అణు కర్మాగారపు జాడో కాదు, కొండరాళ్ల జాడ.

వానాకాలంలో చిత్రకోట దగ్గర ఇంద్రావతి ఇటుకరంగులో దూకుతుంది. ఆ రంగంతా మట్టి. అందులో పొటాషియం ఉంటుంది, యురేనియం, థోరియం లేశమాత్రంగా ఉంటాయి. 1950, 60ల్లో అగ్రరాజ్యాలు ఆకాశంలో పేల్చిన బాంబుల నుంచి వానతో పాటు దిగిన సీజియం కూడా ప్రపంచంలోని మిగతా నేలల్లో లాగే ఇక్కడా బంకమట్టి పొరల మధ్య ఇరుక్కుని కాస్త మిగిలే ఉంటుంది. ఇంద్రావతి భద్రకాళి దగ్గర గోదావరిలో పడుతుంది. సంతలో తెలుగు వినిపించే కోంటా పక్కనుంచి వచ్చిన శబరి కూనవరం దగ్గర కలుస్తుంది. ధవళేశ్వరం దాటాక ఇక మిగిలింది సముద్రమే. నదినీటిలో పొటాషియం లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే. ఇలాంటి నదులన్నీ కోట్ల ఏళ్లుగా మోసి పోయగా సముద్రంలో అది లీటరుకు 400 మిల్లీగ్రాముల దాకా పేరుకుంది. ప్రతి పదివేల పొటాషియం పరమాణువుల్లో ఒకటి, మహా అయితే ఒకటీ పావు, రేడియోధార్మికమైనది. దాన్నే పొటాషియం-40 అంటారు. దాని వల్ల లీటరు సముద్రపు నీటిలో సెకనుకు దాదాపు 12 పరమాణువులు పగులుతుంటాయి. సెకనుకు ఒకటి పగిలితే ఒక బెక్వెరెల్ అని లెక్క. అంటే ఏ రియాక్టరూ లేకముందే సముద్రం లీటరుకు 12 బెక్వెరెల్‌లు. మన ఒంట్లోని పొటాషియంలోనే సెకనుకు నాలుగు వేల పైచిలుకు పరమాణువులు పగులుతున్నాయి కాబట్టి దీనికి ఉలిక్కిపడనక్కర్లేదు.

ఈ 12 మధ్యలో ఎక్కడో మనిషి కలిపిన అరా కొరా సీజియం ఉందో లేదో చెప్పడమే పరికరం పని. దాని పనితనమంతా ఆ వేరుచేయడంలో ఉంది.

ఉపగ్రహాలున్న కాలంలో పైనుంచి చూసి కనిపెట్టొచ్చు కదా అనిపించడం సహజం. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఓషన్‌శాట్-3 సముద్రపు రంగును 13 పట్టీలుగా విడదీసి చదువుతుంది. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ అలాంటి ఉపగ్రహ సమాచారంతోనే చేపలు ఎటు దొరకొచ్చో మత్స్యకారులకు కబురు పంపుతుంది. నీళ్లలోంచి వెలుతురు పైకి వస్తుంది కాబట్టి అది కుదిరింది. పరమాణువు పగిలినప్పుడు వెలువడే గామా కిరణానికి అంత దూరం వచ్చే శక్తి లేదు. సీజియం-137 నుంచి వెలువడే గామా కిరణాల్లో ఎనిమిది సెంటీమీటర్ల నీటిని చెక్కుచెదరకుండా దాటేవి సగం. ఇంకో ఎనిమిది దాటేవి పావు వంతు. మీటరు దాటి బతికి బయటపడేది ఐదు వేలలో ఒకటి. రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని నీటి కొలనుల్లో ఉంచడానికి ఒక కారణం కూడా ఈ గుణమే. తన లోపలి గుట్టును ఇంత గట్టిగా దాచుకునే పదార్థాన్ని 700 కిలోమీటర్ల ఎత్తు నుంచి చదవడం జరిగే పని కాదు.

గాలి ఇంత మొండిది కాదు. అదే కిరణాలు గాలిలో సగానికి తగ్గడానికి 75 మీటర్లు పడుతుంది. బేగంపేట కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల అన్వేషణ సంస్థ, అందరూ ఏఎండీ అనేది, హెలికాప్టర్లకు, విమానాలకు పెద్ద పెద్ద స్ఫటికాలు అమర్చి నేల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ పొటాషియం, యురేనియం, థోరియం పటాలు గీయగలుగుతున్నది అందుకే. బస్తర్ పెగ్మటైట్ శిలల్లో నియోబియం, టాంటలం ఖనిజాల కోసం పనిచేసిన సంస్థ కూడా ఇదే. ఆకాశ సర్వేలో ఒక ఆనవాయితీ నాకు భలే నచ్చుతుంది. విమానం లోహం నుంచి ఎంత వస్తోంది, ఆకాశం నుంచి ఎంత పడుతోంది అని తేల్చుకోవడానికి వాళ్లు పెద్ద చెరువు మీదో సముద్రం మీదో ఒక చుట్టు వేసి వస్తారు. కింద నేల ఎంత పలికినా నీరు అడ్డుకుంటుంది కాబట్టి అక్కడ వచ్చిన అంకె అంతా పరికరం సొంతానిదీ ఆకాశానిదీ. నేలను కొలిచేవాళ్లకు సముద్రం సున్నా. మనం ఆ సున్నా లోపలికి దిగబోతున్నాం.

(2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత పసిఫిక్ అంతటా ఎర్రగా, నల్లగా వ్యాపిస్తున్న ఒక పటం ‘రేడియేషన్ పాకుతోంది’ అంటూ ప్రపంచమంతా తిరిగింది. అది అమెరికా సముద్ర వాతావరణ సంస్థ గీసిన సునామీ అలల ఎత్తు పటం. ఇప్పటికీ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు.)

కాబట్టి పరికరం నీళ్లలో మునగాల్సిందే. దూరం దాటేది అది పంపే కబురు మాత్రమే.

ఇక ఆ పరికరం సంగతి. దాని గుండెకాయ సోడియం అయొడైడ్ స్ఫటికం, సాధారణంగా మూడంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు ఉన్న పారదర్శకమైన గడ్డ. రసాయనంగా అది మన వంటింటి ఉప్పుకు తోబుట్టువు. క్లోరిన్ ఉండాల్సిన చోట అయొడిన్ ఉంది, అంతే. ముసురు పట్టిన రోజు జాడీలో ఉప్పు చెమ్మగిల్లినట్టు ఇదీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఇంకా ఆబగా. తెల్లబారుతుంది, పసుపెక్కుతుంది, పనికిరాకుండా పోతుంది. అలాంటి ఉప్పుగడ్డను తీసుకెళ్లి ఉప్పుసముద్రంలో నెలల తరబడి వేలాడదీయాలన్న ఆలోచన వచ్చినవాడి ధైర్యానికి దండం పెట్టాలి.

స్ఫటికాన్ని పెంచడం ఓపికతో కూడిన పని. సోడియం అయొడైడ్ 661 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగిన దానిలో చిటికెడు థాలియం లవణం కలిపి, మూసను వేడి నుంచి చల్లదనంలోకి మెల్లమెల్లగా దింపుతారు. తొందరపడితే పగుళ్లు. తయారయ్యాక కూడా ఉష్ణోగ్రత గంటకు ఎనిమిదో పదో డిగ్రీలకు మించి మారకూడదని తయారీదార్లు హెచ్చరిస్తారు. ఎండకు కాగిన పడవ మీద వదిలేసి, ఒక్కసారిగా నీళ్లలో ముంచితే లోపల టప్పున చీలొచ్చు. (సీజియం-137 గామా కిరణపు శక్తి కూడా 661 పైచిలుకు కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. కరిగే ఉష్ణోగ్రతకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, ఉత్త కాకతాళీయం. అంకె గుర్తుండటానికి మాత్రం నాకు బాగా పనికొచ్చింది.)

థాలియం ఎందుకంటే, వెలుగు కోసం. గామా కిరణం స్ఫటికంలోకి వచ్చి తన శక్తిని ఒక ఎలక్ట్రాన్‌కు ఇచ్చేస్తుంది. ఆ ఎలక్ట్రాన్ దారిపొడుగునా చేసిన అలజడి చివరకు థాలియం దగ్గర నీలి వెలుగుగా బయటపడుతుంది. 1948లో ఈ గుణాన్ని కనిపెట్టినవాడు అమెరికా భౌతికవేత్త రాబర్ట్ హాఫ్‌స్టాటర్. ఆయనకు 1961లో నోబెల్ వచ్చింది గానీ వేరే పనికి. నా లెక్కలో ఈ ఉప్పుగడ్డ కూడా దానికి తీసిపోయింది కాదు. ఒక్క సీజియం కిరణానికి సుమారు 25,000 కాంతి కణాలు వెలువడతాయి. సెకనును నలభై లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగంపాటు మెరిసి ఆరిపోతుంది. వచ్చిన కిరణం ఎంత శక్తిగలదైతే మెరుపు అంత పెద్దది. ఈ నిష్పత్తి మీదే మిగతా కథంతా నడుస్తుంది.

ఆ మెరుపులో ఒక్క కణం కూడా వృథా కాకూడదు. అందుకే స్ఫటికాన్ని తేమ లేని పెట్టెలో ఉంచి చెక్కి, చుట్టూ తెల్లని పొడినో టెఫ్లాన్ పొరనో కప్పి, పల్చని అల్యూమినియం డబ్బాలో బిగించి, ఒక్కవైపే గాజుకిటికీ వదులుతారు. కిటికీకి ఆవల ఫోటోమల్టిప్లయర్ గొట్టం. రెంటి మధ్య గాలి పొర ఉంటే వెలుగు వెనక్కి తిరిగిపోతుంది కాబట్టి సిలికాన్ జిగురు పూస్తారు. గొట్టంలో కాంతి కణాలు ఎలక్ట్రాన్లవుతాయి, మెట్టు మెట్టునా గుణించుకుంటూ పది లక్షల రెట్లు పెరిగి చివరికి ఒక విద్యుత్ స్పందనగా బయటకొస్తాయి. ఆ స్పందన ఎత్తు కొలిచి, ఎత్తును బట్టి వెయ్యిన్ని ఇరవై నాలుగు గదుల్లో ఒకదాంట్లో ఒక అంకె వేస్తారు. గంటలు గడిచేకొద్దీ గదుల్లో అంకెలు పేరుకుని వర్ణపటం తయారవుతుంది. సీజియం ఉంటే 661 దగ్గర ఒక గుట్ట, పొటాషియం ఉంటే 1461 దగ్గర ఒక గుట్ట.

ఈ స్పందనలు లెక్కపెట్టే విద్యను మన దేశంలో నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు గోదావరి డెల్టాదే. భీమవరం దగ్గరి మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు, మనకందరికీ ఏ.ఎస్. రావు. 1956లో ట్రాంబేలో పనిమొదలుపెట్టిన అప్సర రియాక్టర్‌కు నియంత్రణ ఎలక్ట్రానిక్స్ ఇక్కడే, మన చేతులతోనే చేయాలని పట్టుబట్టి చేసిన బృందం ఆయనది. 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది, ఆయన సారథ్యంలో. రేడియేషన్ కొలిచే పరికరాలు ఆ సంస్థ మొదటి నుంచీ చేస్తున్న సరుకు. ఏ.ఎస్. రావు నగర్‌లో బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ కాలనీ పేరు వెనక ఉన్నది ఇలాంటి సూక్ష్మమైన లెక్కల విద్య.

నేల మీద ప్రయోగశాలలో ఇదంతా ఎలాగోలా కుదురుతుంది. సముద్రంలో ఒక్కో సౌకర్యం పోతుంది, అక్కడే అసలు పనివాడు బయటపడతాడు.

ముందు తొడుగు సంగతి. లోతుకు దిగిన ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి ఉక్కు తొడుగు వేద్దామనిపిస్తుంది. బైలడిల్లా గనుల నుంచి వచ్చే ఖనిజం మేలిమిదే, దశాబ్దాలుగా కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా విశాఖకు చేరి జపాన్ కొలుముల దాకా వెళ్లింది. కానీ ఖనిజం ఎంత మంచిదైనా ఉక్కుగా మారేటప్పుడు గాలి ఊదాలి, ఆ గాలిలో అణుయుగం వదిలిన రేణువులుండొచ్చు. కొలిమి లోపలి గోడల అరుగుదల కనిపెట్టడానికి కోబాల్ట్-60 పెట్టే అలవాటు కూడా ఉక్కులో జాడలు వదిలింది. పైగా ఉక్కు మందం తక్కువ శక్తి కిరణాలను మింగేస్తుంది. అందువల్ల గ్రీసు సముద్ర పరిశోధన కేంద్రం వాళ్లు కాటెరీనా అన్న పరికరానికి అసిటల్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు ఎంచుకున్నారు. తుప్పు పట్టదు, ఉప్పుకు లొంగదు, గామా కిరణాన్ని పెద్దగా అడ్డుకోదు, తన సొంత రేడియోధార్మికత దాదాపు లేదు. గాజులోనూ పొటాషియం ఉంటుంది కాబట్టి ఫోటోమల్టిప్లయర్‌కు పొటాషియం తక్కువున్న గాజు వెతుకుతారు. పక్కవాడి గుట్టు చెప్పాల్సిన సాక్షికి తన సొంత గొడవలు ఉండకూడదన్న పట్టుదల ఇది.

రెండోది, పరికరాన్ని వేలాడదీసే బోయ్, అంటే నీటి మీద తేలే వేదిక, నిలకడగా ఉండదు. లంగరు వేసినా గాలికి, ప్రవాహానికి చుట్టూ తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా గొట్టంలోని ఎలక్ట్రాన్ల దారిని భూమి అయస్కాంత క్షేత్రం ఒక్కోలా వంచుతుంది, స్పందన ఎత్తు మారిపోతుంది. ఉత్తరం వైపు ఉన్నప్పుడు సీజియం అనిపించింది తూర్పు తిరిగేసరికి మరేదో అనిపిస్తే ఇక నమ్మకం ఏముంటుంది? అందుకని మ్యూ-మెటల్ అనే మిశ్రమలోహపు రేకు చుట్టూ తొడుగుతారు. ఈ రేకు గురించి పరికరం బొమ్మలో ఒక గీత తప్ప ఏమీ కనబడదు.

మూడోది నాకు అన్నిటికంటే ముచ్చటైనది. పగలు నీరు వేడెక్కుతుంది, రాత్రి చల్లారుతుంది, బ్యాటరీ వోల్టేజీ కాస్త ఊగుతుంది. వీటితో పాటు వర్ణపటం మొత్తం ఎడమకో కుడికో జరుగుతుంది. ప్రయోగశాలలో అయితే తెలిసిన రేడియోధార్మిక బిళ్ల పక్కన పెట్టి సరిచూసుకుంటారు. నడిసముద్రంలో బిళ్ల పెట్టేదెవరు? అక్కర్లేదు. చుట్టూ ఉన్న నీటిలోనే పొటాషియం-40 ఉంది, దాని గుట్ట ఎప్పుడూ 1461 దగ్గరే లేవాలి. 1440 దగ్గర లేచిందంటే పరికరం జరిగింది, నీళ్లు జరగలేదు. ఆ గుట్టను పట్టుకుని మిగతా లెక్కంతా సరిదిద్దుకోవచ్చు. ఏది అడ్డంకి అనుకున్నామో అదే కొలబద్దయింది. అంతేకాదు, సముద్రంలో లవణాలు ఎక్కువ తక్కువలైనా వాటి నిష్పత్తి మారదని 19వ శతాబ్దంలో చాలెంజర్ నౌక తెచ్చిన 77 నమూనాలతో విలియం డిట్‌మార్ తేల్చాడు. కాబట్టి పొటాషియం గుట్ట ఎత్తు చూస్తే నీరు ఎంత ఉప్పగా ఉందో తెలుస్తుంది. ఆగస్టులో ఇంద్రావతి, శబరి, ప్రాణహిత పొంగి గోదావరి ముఖద్వారం దగ్గర మంచినీరు పరుచుకున్నప్పుడు అక్కడి పరికరంలో ఆ గుట్ట తగ్గి తీరాలి. బస్తర్‌లో కురిసిన వాన అంతర్వేది దగ్గర ఇలా లెక్కకొస్తుంది.

వాన మరో చిక్కు కూడా తెస్తుంది. గాలిలో రాడాన్ వాయువు ఉంటుంది, దాని సంతానం సీసం-214, బిస్మత్-214 వానతో కడిగి సముద్రం మీద పడతాయి. బిస్మత్ కిరణం 609 దగ్గర ఉంటుంది. ఈ స్ఫటికం గుట్టను సన్నగా గీయలేదు. సీజియం గుట్ట వెడల్పే నలభై అయిదు కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడి ఉంటుంది. 609 అంచు 661 అంచుకు ఒరుసుకుంటుంది. ఒక గట్టి జడివానకు, తొందరపాటు మనిషి ‘సీజియం పెరిగింది’ అని గంట మోగించేయగలడు. నిదానస్థుడు ఏం చేస్తాడంటే, బిస్మత్ అయితే 1120 దగ్గరా 1764 దగ్గరా కూడా కనబడాలి కదా అని అక్కడ వెతుకుతాడు. ఇంకా కాసేపు ఆగుతాడు. ఈ సంతానం సగం ఆయువు ఇరవై, ఇరవై ఏడు నిమిషాలు. మూడు నాలుగు గంటల్లో వానతో వచ్చింది వచ్చినట్టే మాయమవుతుంది. సీజియం-137 సగానికి రావడానికి 30 ఏళ్లు. తెల్లారేదాకా ఉందంటే అప్పుడు గంట మోగించొచ్చు.

మన తీరానికి ఇంకో చిక్కు. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు ఇసుకల్లో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. పరికరం అడుక్కి దగ్గరగా వేలాడితే ఇసుకను కొలుస్తుంది గానీ నీటిని కాదు. అందుకే అడుగు నుంచి కనీసం మీటరు పైన ఉంచాలి, పైన అలల కల్లోలానికి అంత కిందనా ఉంచాలి. కొన్ని నెలలకు పడవ అడుగుకు పట్టినట్టే తొడుగుకూ గుల్లలు, నాచు పడతాయి, వాటిలో బురద చేరుతుంది, బురదలో మళ్లీ అదే థోరియం. గీకి శుభ్రం చేయడానికి మనిషి వెళ్లాలి. బోయ్‌ల కింద చేపలు గుమిగూడతాయి, పడవలు వచ్చి తాడు కట్టుకుంటాయి, సౌరఫలకం విరుగుతుంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) వాళ్ల బోయ్‌లకు ఈ బెడద కొత్త కాదు. విశాఖ దగ్గర ఇన్‌కాయిస్ పెట్టిన నీటినాణ్యత బోయ్ ఆక్సిజన్, పత్రహరితం వంటివి కొలిచి పంపుతుంది. గామా కొలిచే గడ్డ అలాంటి వేదిక మీదే కూర్చోవాలి.

నీటిని కాకుండా కావాలనే అడుగును కొలవాల్సి వస్తే? ఫుకుషిమాలో అదే అవసరమైంది. 2011 ఏప్రిల్ తొలివారంలో కర్మాగారం ఒడ్డున నీటిలో సీజియం-137 లీటరుకు 68,000 బెక్వెరెల్‌ల దాకా వెళ్లింది. అంతకుముందు అక్కడి సముద్రంలో వెయ్యి లీటర్లకు ఒకటో రెండో ఉండేది. నెలలు గడిచాక నీరు పల్చబడింది గానీ బంకమట్టిని పట్టుకున్న సీజియం అడుగున మిగిలింది. నమూనాలు ఒక్కో చోట తవ్వి తీస్తే మధ్యలో ఏముందో తెలియదు. టోక్యో విశ్వవిద్యాలయంలో బ్లెయిర్ థోర్న్‌టన్ బృందం స్ఫటికాన్ని, గొట్టాన్ని, బ్యాటరీని ఒక దళసరి రబ్బరు గొట్టంలో వరసగా అమర్చి, ఓడ వెనక కట్టి అడుగు మీద ఈడ్చారు. ఎక్కడా బయటకు పొడుచుకొచ్చిన భాగం లేదు, రాయికి తగులుకునే మూల లేదు, వంగుతుంది, జారిపోతుంది. అలా ఈడుస్తూ పోతే సముద్రపు అడుగున చిన్న చిన్న పల్లాల్లో సీజియం మడుగులు కట్టినట్టు బయటపడింది. పక్కనే ఉన్న చదునులో అంత లేదు. ఖరీదైన జలాంతర్గామి రోబోల దేశంలో ఒక రబ్బరు గొట్టం ఈ పని చేయడం నాకు ఆనందం కలిగించింది.

ఈ గడ్డకు చేతకానివి కూడా ఉన్నాయి. ఇవాళ ప్రపంచ సముద్రాల్లో మామూలుగా ఉన్న సీజియం వెయ్యి లీటర్లకు ఒకటి రెండు బెక్వెరెల్‌లు. బోయ్ మీది పరికరానికి అది ఆనదు. దానికి పదుల లీటర్ల నీరు తోడి, అమ్మోనియం మాలిబ్డోఫాస్ఫేట్ వేసి సీజియాన్ని ముద్దగా దింపి, సీసపు గోడల మధ్య రోజుల తరబడి లెక్కపెట్టాలి. తాగునీటిలో సీజియం-137కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 10 బెక్వెరెల్‌లు. ఆ స్థాయికి చాలా ముందే అలికిడి పసిగట్టడం ఈ పరికరం బాధ్యత. 2023 ఆగస్టు 24 నుంచి ఫుకుషిమా వదులుతున్న నీటిలో ప్రధానంగా ఉన్నది ట్రిటియం. దాని బీటా కణం నీటిలో మిల్లీమీటరులో వందో వంతు కూడా ప్రయాణించలేదు, తొడుగు దాటి స్ఫటికాన్ని చేరే ప్రశ్నే లేదు. దానికి సీసాలో నీరు పట్టి తీసుకురావడం, స్వేదనం చేసి మెరిసే ద్రవంలో కలిపి చీకటి గదిలో లెక్కపెట్టడం తప్ప దారి లేదు.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ దగ్గర అణు విద్యుత్ కేంద్రానికి స్థలం ఎంచుకున్నారు. కట్టడం మంచిదా చెడ్డదా అన్న వాదం వేరు, అది సాగాల్సిందే. ఏ పక్షం వాదించినా ముందు చేతిలో ఉండాల్సిన కాగితం ఒకటుంది: రియాక్టర్ రాకముందు ఆ నీటి వర్ణపటం. ఒక రోజుది, ఒక నెలది చాలదు. నాగావళి, వంశధార వరదలు దించే బురద, అక్టోబరు తుపాన్ల జడివానతో దిగే బిస్మత్, మోనజైట్ ఇసుకను లేపే అలల రోజులు, ఉప్పదనం పెరిగే ఎండాకాలం అన్నీ అందులో పడాలి. అలా నిండా ఒక ఏడాది, కుదిరితే రెండేళ్లు, పొటాషియం గుట్టను దిక్సూచిగా పెట్టుకుని ఒక ఉప్పుగడ్డ అక్కడ వేలాడాలి.